పేరు కాదు, పని ఇవ్వండి

ఒకప్పుడు మనల్ని 'హరిజనులు' అన్నట్టే ఇప్పుడు వికలాంగుల్ని 'దివ్యాంగులు' అంటున్నారు. పేరిచ్చారు, పనివ్వలేదు.

భీమవరం చుట్టూ రొయ్యల ప్లాంట్లు. మన పేటల ఆడవాళ్ళు తెల్లారకుండానే వ్యానెక్కి రొయ్యలు వలవడానికి వెళ్తారు. అదే పేటలో చెవులు వినబడని పిల్ల పింఛనుతో ఇంట్లో కూర్చుంటుంది. రొయ్య సైజు చూడ్డానికి చెవులెందుకండీ?

2016 చట్టం సర్కారు కొలువుల్లో 4 శాతం ఇచ్చింది. ప్రైవేటువాళ్ళు 5 శాతం పెట్టుకుంటే ప్రోత్సాహకాలంది, అంతే. బలవంతం లేదు. కాబట్టి అడిగేవాళ్ళుండాలి.

బందరు దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ ఇంటర్లో సైన్సు కోసం కోర్టుకెళ్ళాడు. ఎంఐటీలో చదివొచ్చి, బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకి ఉద్యోగాలిచ్చాడు.

మనకేమో మేడమీద హాల్లో మీటింగు, ఫేస్‌బుక్‌లో పోస్టు హాయి. ఏప్రిల్ 14న దండేశాక ఆ పిల్లని వెంటబెట్టుకుని ప్లాంటు గేటుకి వెళ్దాం. మేనేజరు కసురుకుంటాడు. మర్నాడూ వెళ్దాం.