వంటింట్లో ఇంగ్లీషు: ‘లుక్ అప్ టు’ అంటే మెడెత్తి చూడటమా?

ధర్మవరం నుంచి ఓ సోదరి ఉత్తరం రాశారు. వాళ్లబ్బాయికి స్కూల్లో ‘హూమ్ డు యు లుక్ అప్ టు?’ అని హోంవర్కు ఇచ్చారట. లుక్ అంటే చూడు, అప్ అంటే పైకి. తలెత్తి దేన్ని చూస్తావని అడుగుతున్నారనుకుని, హిందూపురంలో పిన్నిగారింటికి రైల్లో వెళ్తూ చూసిన పెనుకొండ గురించి రాయించారు. 1565లో తల్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధాని చేసుకున్న చోటు కదా, రాయడానికి బోలెడంత ఉంది. కానీ అడిగింది అది కాదు. నోటుబుక్కు ఎర్రగీతలతో తిరిగొచ్చింది. “ఇక వాడు నన్నేమీ అడగడేమోనండీ” అని ఆవిడ బాధ.

బాధపడకండమ్మా. విడివిడిగా మాటల అర్థం చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. కొండనో, హిందూపురం దగ్గర లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలనో తలెత్తి చూస్తే అది ‘లుక్ అప్ ఎట్’. చివర ‘ఎట్’ బదులు ‘టు’ వచ్చిందా, ఇక మెడతో పనిలేదు, పనంతా మనసుదే. ఒకరిని గొప్పగా తలచి, గౌరవించి, వాళ్లలా ఉండాలనుకోవడం అన్నమాట.

మనకి తికమక ఎందుకంటే, గౌరవమంటే మనం తల వంచుతాం. వెనకటి రోజుల్లో కొత్తకోడలు మామగారి ముందు తలెత్తి చూస్తే “ఎంత పొగరో!” అనేవారు. ఇంగ్లీషువాళ్లు గౌరవించే మనిషిని ఎత్తున నిలబెట్టి, తాము కిందనుంచి చూస్తారు. దీనికి ఎదురుమాట ‘లుక్ డౌన్ ఆన్’, అచ్చంగా మన చిన్నచూపే!

‘ఐ లుక్ అప్ టు మై సిస్టర్’ అంటే మా అక్కంటే నాకంత గౌరవం అని. ఎక్కువగా పెద్దవాళ్ల గురించే అంటారు గానీ, వయసే ముఖ్యం కాదు. మగ్గం నేసి ముగ్గురు పిల్లల్ని చదివించిన చెల్లెలి గురించైనా అనొచ్చు. పక్కింటావిడ పులిహోర నచ్చితే మాత్రం ఇంత మాట అక్కర్లేదు, ‘లైక్’ చాలు.

అబ్బాయి మళ్లీ రాస్తానంటే మీ ఊరివారే ఉన్నారు. 1853లో పుట్టి, ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. లేదా వాడికి ఇష్టమైన ఇంకెవరైనా సరే. ముందు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, “నాకూ ఇవాళే తెలిసిందిరా” అని ఈ పేజీ చూపించండి.