కడలి నేర్పు పాఠములు

శ్రీకాకుళ విజయనగర మండలములలో నివసించు మనకు సముద్రము దూరపు చుట్టము కాదు. మాఘస్నానమునకును, కార్తిక పున్నమకును పిల్లలతో పోయి, మూడు మునుకలు వేసి, పసుపు కుంకుమలు సమర్పించి మరలి వచ్చుచున్నాము. కాని ఆ నీటి నడక యెట్టిదో, గాలి యెప్పుడు తిరుగునో మనలో నెందరికి తెలియును? కుమారునికి ఈత వచ్చిన గొప్పగా చెప్పుకొందుము. కుమార్తె మోకాలిలోతు దాటిన కేకలు వేయుదుము. భయము మాత్రమే నేర్పి తెలివి నేర్పకుండుట రక్షణ యగునా?

గత వేసవి సెలవులలో మా వారు తమ పాఠశాలనుండి పదమూడు మొదలు పదునారేండ్లలోపు బాలబాలికలను కొందరిని, వంశధార కడలిని గలియు కళింగపట్టణమునకు ఒక దినము తోడ్కొనిపోయిరి. ఆడపిల్లలకు తోడుగా మేమును వెళ్లితిమి. ఒక తల్లి మాత్రము, "ఎండకు నల్లబడిన రేపు సంబంధములు చూచువారికి ఏమి చెప్పుదును?" అని కడవరకు సందేహించి, మా మాటపై పిల్లను పంపినది.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని మన తీరమున ఇంజను పడవల వేటను ప్రభుత్వము నిషేధించుచున్నది. కావున పడవలన్నియు ఇసుకపై విశ్రమించియుండెను. ఒక వృద్ధజాలరి, ఇంజనులు వచ్చిన పిమ్మట మూలబడిన తన తెరచాపను దులిపి, చిన్న నావకు కట్టెను. పిల్లలకు తేలుడు చొక్కాలు తొడిగి, అలలు లేని యేటినీటిలో నలుగురేసి చొప్పున ఎక్కించుకొనెను.

నేల త్వరగా వేడెక్కి త్వరగా చల్లారును; నీరు నిదానముగా వేడెక్కి నిదానముగా చల్లారును. అందుచే రాత్రివేళ నేలనుండి కడలికి, పగటివేళ కడలినుండి నేలకు గాలి వీచును. పూర్వము జాలరులు వేకువగాలితో లోనికి పోయి, పగటిగాలితో ఒడ్డు చేరెడివారు.

గాలి వచ్చు దిక్కునకే పోవలసివచ్చిన నెట్లని యొక బాలిక యడిగెను. "గాలికెదురు ఎల్లకూడదు తల్లీ, ఓరగా ఎల్లాల" అని తాత బదులు చెప్పి, ఆ సందేహించిన తల్లి కూతురి చేతికే చుక్కాని నిచ్చెను. నావ కొంత కుడికి, కొంత ఎడమకు మరలుచు, గాలికి ఎదురుగా ముందుకే సాగెను. చిత్రకవిత్వమునందలి గోమూత్రికాబంధము మాకు జ్ఞప్తికి వచ్చినది.

మధ్యాహ్నము ఒడ్డున పాఠములు. అమావాస్యా పూర్ణిమలకు సూర్యచంద్రుల ఆకర్షణ లొక్కటై పోటు హెచ్చుననియు, అష్టములకు తగ్గుననియు మా వారు చెప్పగా, పంచాంగము చూచు ప్రతి యిల్లాలికిని ఈ శాస్త్రము సగము తెలిసినదే యనుకొంటిమి. శ్రీకాకుళ తీరమునకు చలికాలపు చివర రాత్రులయందు వచ్చి, నూరు ప్రాంతమున గ్రుడ్లు పెట్టి పోవు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కథయు వింటిమి. ఇసుక చల్లగానున్న మగపిల్లలు, వేడిగానున్న ఆడపిల్లలు హెచ్చుగా పుట్టుదురట! పొదిగిన పిల్లలు కడలిమీది వెలుగును బట్టి నీటికి పోవును. ఒడ్డున దీపములున్న దారి తప్పును.

అన్నిటికంటె ముఖ్యమైనది కడపటి పాఠము. ఒడ్డునకు కొట్టిన నీరు కొన్నిచోట్ల ఇరుకుదారిన వేగముగా లోనికి మరలును. అలలు విరుగక నున్నగా కనబడుటచే ఆ చోటే మంచిదని జనులు దిగుదురు. అందు చిక్కినవారు ఒడ్డునకు నేరుగా ఈదిన అలసి మునుగుదురు. ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, లాగుడు తప్పిన పిమ్మట ఒడ్డు చేరవలెను. ఈదలేనివారు తేలుచు చేయెత్తి పిలువవలెను. తాత చెప్పిన మాటయే గదా! ఎదురు పోక ఓరగా పోవుట. ఈ యొక్క మాట తెలియక ప్రాణములు పోవుచుండగా, దానిని మన పిల్లలకు చెప్పకుండుట న్యాయమా?

ఆడువారికి నౌకాయానమేల యనువారు 2017 సెప్టెంబరు 10వ తేదీని స్మరింతురు గాక. ఆనాడు నౌకాదళపు స్త్రీలారుగురు, వర్తికా జోషి నాయకత్వమున, "తారిణి" యను తెరచాపనావపై గోవానుండి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మే 21న మరలి వచ్చిరి. వారిలో పి. స్వాతి విశాఖపట్టణపు ఆడుబిడ్డ. బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదు ఆడుబిడ్డ.

మన పిల్లలందరును భూప్రదక్షిణము చేయనక్కరలేదు. మొదట ఈత నేర్పింతము. ఎన్.సి.సి. నౌకాశాఖ యున్న పాఠశాలలలో ఆడపిల్లలకును ప్రవేశము గలదు, అడిగి చేర్పింతము. రాబోవు పున్నమస్నానమునకు పోయినపుడు, దిగుటకు ముందు ఏ చోటు మంచిదో అచ్చటి జాలరిని అడుగుదము. ఆ తల్లి కూతురు కొంచెము నల్లబడినమాట నిజమే. పది దినములలో ఆ రంగు పోయినది, నేర్చిన విద్య మిగిలినది.