ఎర్త్ వేయనిదే స్తంభమెక్కించొద్దు

సరఫరా ఆపేశామన్న మాట నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ అదే తీగ తగిలి చనిపోతే, ఆ చావును అతని అజాగ్రత్త ఖాతాలో రాయడం అన్యాయం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఇలాంటి చావులకు ఇప్పుడే అడ్డుకట్ట పడాలి. 2024లో మొదలైన ‘నియద్ నెల్లానార్’ పథకం కింద సుక్మా, బీజాపూర్ జిల్లాల మారుమూల ఊళ్లకు లైన్లు వేస్తున్నారు. బీజాపూర్ జిల్లా చిల్కాపల్లికి 2025 జనవరిలో తొలిసారి కరెంటు వచ్చింది. ఎంతో ఆలస్యంగా అందిన హక్కు అది. అయితే అడవిలో పాతిన ప్రతి స్తంభాన్నీ రేపు గాలివాన వెలిశాక ఎవరో ఒకరు ఎక్కాల్సిందే.

పద్ధతి కొత్తదేమీ కాదు. సబ్‌స్టేషన్ నుంచి రాతపూర్వకంగా ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకోవాలి. ఏబీ స్విచ్ తెరిచి తాళం వేయాలి. తీగలో వోల్టేజీ లేదని పరికరంతో చూసుకుని, పనిచేసే చోటుకు రెండు వైపులా తీగను నేలకు కలిపే డిశ్చార్జి రాడ్లు తగిలించాకే పైకెక్కాలి. స్విచ్ హ్యాండిల్ లాగినంత మాత్రాన సరఫరా ఆగినట్టు కాదు. తుప్పు పట్టిన స్విచ్‌లో రెండు బ్లేడ్లు విడివడి మూడోది అతుక్కుని ఉండిపోవచ్చు. ముసురు పట్టిన సాయంత్రం కింద నిలబడ్డ మనిషికి ఆ తేడా కనబడదు. మూడూ విడివడినా ముప్పు తీరదు. సంతవీధిలో ఏ దుకాణంలోనో చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ నడిపితే, ఆ 230 వోల్టులే ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి 11 కేవీ తీగలో వేల వోల్టులవుతాయి. రెండు వైపులా ఎర్త్ చేసి ఉంటే ఆ కరెంటు మనిషి ఒంట్లోంచి కాక నేలలోకి పోతుంది. ఎల్‌సీ కాగితం, స్విచ్ తాళం చేయలేని పని ఆ రాడ్డు చేస్తుంది.

చట్టమూ ఇదే చెబుతోంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు ఎర్తింగ్ పరికరాలు, రబ్బరు చేతి తొడుగులు, సేఫ్టీ బెల్టు, హెల్మెట్ వంటివి సమకూర్చాలంటున్నాయి. అవి సబ్‌స్టేషన్ బీరువాలో ఉంటే చాలదు, స్తంభం దగ్గర ఉండాలి. ఒక్కడే మోటార్‌సైకిల్ మీద, కటింగ్ ప్లయర్ జేబులో పెట్టుకుని, ఫోన్‌లో ఎల్‌సీ అడిగి పని ముగించే పద్ధతిని ఏ అధికారీ చూసీచూడనట్టు వదిలేయకూడదు. ఫోన్‌లో ఫీడర్ పేరు ఒకటికి ఇంకొకటి వినిపిస్తే చాలు, ప్రాణం పోతుంది.

బస్తర్ లైన్‌మన్ చేసే పని మామూలుది కాదు. 2007లో మావోయిస్టులు నారాయణపూర్ ప్రాంతంలో 220 కేవీ టవర్లు పేల్చేసినప్పుడు వారం రోజులకు పైగా బస్తర్ చీకట్లో మగ్గింది. ఆ అడవిలోకి వెళ్లి లైను నిలబెట్టింది విద్యుత్ కార్మికులే. 2022లో ఛత్తీస్‌గఢ్ కాంట్రాక్టు విద్యుత్ కార్మికులు రాయ్‌పూర్‌లో ఆందోళనకు దిగి, ఉద్యోగ భద్రతతో పాటు ప్రమాదాల్లో పోయిన సహచరుల కుటుంబాలకు పరిహారం కోరాల్సి రావడం ఏ ప్రభుత్వానికీ గౌరవం కాదు.

తెగిపడిన తీగ తగిలి దారిన పోయేవాడు చనిపోతే తప్పెవరిదన్న ప్రశ్నతో పనిలేదు, బాధ్యత సరఫరాదారుదేనని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడేదాకా బస్తర్‌కు కరెంటిచ్చింది ఆ బోర్డే. బాటసారికి వర్తించిన న్యాయం, ఆ తీగనే సరిచేయడానికి పంపిన కూలీకి ఎందుకు వర్తించకూడదు? గుత్తేదారు పేరు చెప్పి తప్పుకునే అవకాశం పంపిణీ సంస్థకు ఉండరాదు. జీతం ఎవరిచ్చినా తీగ సంస్థదే, ఎల్‌సీ ఇచ్చేదీ సంస్థే.

రెండో మనిషి, రెండు జతల డిశ్చార్జి రాడ్లు లేనిదే 11 కేవీ లైన్ మీద పని మొదలుపెట్టించరాదు. ఆ కారణంగా పని ఆపిన కార్మికుడిపై చర్య ఉండదని సంస్థ రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. శిక్షణ హిందీతో సరిపెట్టకుండా గోండీ, హల్బీల్లోనూ, కొంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగులోనూ ఇవ్వాలి. 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ కింద ప్రమాదాలపై విద్యుత్ ఇన్‌స్పెక్టర్లు జరిపే విచారణల నివేదికలను జగదల్‌పూర్‌లో బహిరంగంగా పెట్టాలి. రాడ్డు ఎందుకు వేయలేదో, ఎల్‌సీ ఎవరిచ్చారో, తిరిగి సరఫరా ఎవరిచ్చారో అందులో పేరుపేరునా ఉండాలి.