కిక్కుకు కాదు, రుచికి మార్కులెయ్యాలె

2025 జనవరి 8న కింగ్‌ఫిషర్ బీరు తయారు చేసే యునైటెడ్ బ్రూవరీస్ కంపెనీ తెలంగాణకు సరుకు బంద్ పెడుతున్నమని చెప్పింది. పాత బకాయిలు రాలేదు, 2019-20 సంది ధర పెంచలేదు అనేది కంపెనీ మాట. ఇగ ఊరూరా గదే ముచ్చట. పది పన్నెండు రోజులకు సరుకు మల్ల మొదలైంది. ఫిబ్రవరి 11 నుంచి బీరు ధరలు 15 శాతం పెరిగినయ్. టీవీలల్ల కంపెనీ నష్టం గురించి మాట్లాడిర్రు, సర్కార్ ఖజానా గురించి మాట్లాడిర్రు. పైసలు పెట్టి కొనేటోని చేతికి ఎసుంటి బీరు వస్తున్నదనే మాట మాత్రం నేను చూసిన చర్చలల్ల ఎక్కడా ఇనవడలే.

ముందుగాలనే చెప్తున్న, తాగుండ్రి అని రాస్తలేను. 21 ఏండ్లు నిండనోళ్లకు అమ్ముడే నేరం. అలవాటు లేనోళ్లు అట్లనే ఉంటే అంతకంటే మంచిది లేదు. కానీ యూరియా బస్తా కొన్నా, విత్తనాల ప్యాకెట్ కొన్నా తిప్పి తిప్పి చూసే మనం, బీరు సీస కాడ మాత్రం ఏం ఇస్తే అది పట్టుకొని ఎందుకొస్తున్నమనేదే నా సవాలు.

మనకాడ దొరికే లైట్ బీరుకు తాత అసుంటిది పిల్స్నర్. దాని కథ మోసపోయిన జనంతోనే మొదలైతది. ఇప్పటి చెక్ దేశంల ప్లజెన్ అనే పట్నం ఉన్నది. 1838ల అక్కడి బీరు మురిగి గబ్బు కొట్టవట్టింది. కోపమొచ్చి 36 పీపాల బీరును టౌన్‌హాల్ ముంగటనే పారవోసిర్రు. తర్వాత బీరు కాసే హక్కున్న పట్నపోళ్లంత కలిసి సొంతంగ ఒక బ్రూవరీ కట్టుకున్నరు. జర్మనీల బవేరియా దిక్కు నుంచి జోసెఫ్ గ్రోల్ అనే పనిమంతుణ్ణి పిలిపిచ్చిర్రు. 1842 అక్టోబర్‌ల ఆయన తీసిన బీరు అప్పటిదాక ఉన్న నల్లటి, మబ్బు మబ్బు బీర్ల లెక్క లేదు. బంగారు రంగుల తేటగ మెరిసింది. లేత రంగు బార్లీ మాల్ట్, జాటెస్ ప్రాంతపు హాప్స్ పూలు, ఉప్పు తక్కువున్న మెత్తని నీళ్లు, చల్లటి నేలమాళిగల నిదానంగ పులవబెట్టుడు, ఇదే దాని మర్మం. గాజు గ్లాసులు కూడ అగ్గువైన కాలమది. ఏం తాగుతున్నమో కండ్లతోని చూసుకునే వీలు జనానికి దొరికింది.

నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే. మంచి బీరు కంపెనీ దయతోని రాలే. చెడ్డదాన్ని చెడ్డదని గుర్తువట్టి, వద్దని పారవోసినోళ్ల వల్ల వచ్చింది.

మరి గుర్తువట్టుడెట్ల? బీరు పోటీలల్ల న్యాయనిర్ణేతలు వాడే ఒక మార్కుల పద్ధతి ఉన్నది. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోట్లె ఎట్లున్నదనే దానికి 5, మొత్తం మీద ఎట్లనిపిచ్చిందనే దానికి 10. ఒక్కసారి లెక్క చూడుండ్రి. కిక్కుకు ఒక్క మార్కు కూడ లేదు. మనోళ్లేమో యాభైకి యాభై కిక్కుకే ఏస్తరు.

పిల్స్నర్‌ను ఎంచుడు అంత కష్టమేం కాదు. శుభ్రమైన గ్లాసు కావాలె. నూనె జిడ్డుంటే నురగ నిలవదు. మనకాడ గ్లాసు వంచి వంచి నురగ రాకుంట పోస్తరు, నురగొస్తే నష్టమని. చెక్ దేశంల మాత్రం మూడు వేళ్ల మందం నురగ లేకుంటే మొఖం ముడుస్తరు. ఆ నురగ మూత లెక్క పనిచేసి బీరుకు గాలి తాకకుంట చూస్తది, గ్యాస్ కూడ కొంత బయటికి పోతది.

తర్వాత వాసన. మంచి పిల్స్నర్ రొట్టె కాలిన కమ్మటి వాసనొస్తది, దాని ఎంబడి హాప్స్ పూల ఘాటు. నోట్లెకు పోంగనే సన్నటి తీపి, ఎనుక నుంచి గట్టి చేదు, మింగినంక నోరు పొడిగ, శుభ్రంగ ఉండాలె. చేదు అంటే చెడిపోయిందని కాదు, పిల్స్నర్‌కు ఆ చేదే పాణం. చెడిపోయిన గుర్తులు ఏరే ఉంటయ్. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే అది పాతది, లేదంటే ఎండల మగ్గింది. ముక్కు మూసుకునే గబ్బు కొడితే దానికి ఎలుగు తాకింది, హాప్స్ మీద ఎండ పడితే అట్లనే అయితది. గోధుమ రంగు సీస ఎండను ఆపినంత పచ్చ సీస ఆపది. ఉడకవెట్టిన మక్కబుట్ట వాసనో, వెన్న వాసనో గట్టిగ వస్తే తయారీలనే తేడా ఉన్నది. పుల్లగ తగిలితే సూక్ష్మజీవులు చేరినయ్ అనుకోవాలె.

ఇంకొక సంగతి. బీరు ఐసు లెక్క చల్లగ ఉంటే నాలుక మొద్దువారుతది, తప్పులన్ని దాసుకుంటయ్. ‘చిల్డ్ ఉన్నదా’ అని అడుగుడు మనకు అలవాటు. ఫ్రిజ్‌లకెళ్లి తీసి ఐదు పది నిమిషాలు బయట పెట్టి చూడుండ్రి, అసలు రంగు బయటపడ్తది.

మొన్నటి ఎండకాలం ఒకే బ్రాండ్, ఒకే ధర, పిల్స్నర్ రకం బీరు రెండు చోట్ల కొని మార్కులేసిన. పట్నంల ఒక షాపుల కొన్న సీస తయారై నెల దాటలే. 50కి 36 ఇచ్చిన. మా మండలంల కొన్న సీసకు ఐదు నెలలు. నురగ రెండు నిమిషాలకే సచ్చింది, తేమ పట్టిన అట్ట వాసన, చేదు పోయి చప్పటి తీపి మిగిలింది. 22 దాటలే. కంపెనీ ఒక్కటే, పైసలు అవ్వే. మరి 14 మార్కులు ఏడ పోయినయ్? తొవ్వల పోయినయ్. ఫ్యాక్టరీ నుంచి డిపోకు, డిపో నుంచి షాపుకు, షాపు నుంచి బెల్టు షాపుకు, ఎండకాలం రేకుల షెడ్లల్ల ఉడికి ఉడికి పోయినయ్.

బీరు ఫ్యాక్టరీలు ఏడనో దూరం లేవు, సంగారెడ్డి జిల్లాలనే పెద్దపెద్దయి ఉన్నయ్. కానీ రాష్ట్రంల ఏ బ్రాండ్ అమ్మాలె, ఎంతకు అమ్మాలె అనేది సర్కార్ చేతిల ఉంటది. తెలంగాణ బెవరేజెస్ కార్పొరేషన్ కొని, తన డిపోల నుంచి షాపులకు ఇస్తది. సీస సీసకు పన్ను తీసుకుంటది. పన్ను తీసుకున్నంక సరుకు ఎట్లున్నదనే జిమ్మేదారి కూడ తీసుకోవాలె కదా? ఆంధ్రల 2019 నుంచి 2024 దాక సర్కార్ షాపులల్ల ఎన్నడు ఇనని బ్రాండ్లు అమ్మితే జనం ఎంత మొత్తుకున్నరో చూసినం. 2024 అక్టోబర్‌ల ప్రైవేటు షాపులు మల్ల వచ్చినయ్. షాపు ఎవరిదన్నా, కొనేటోనికి ఏది మంచిదో ఎరుక లేకుంటే వాళ్లు ఇచ్చిందే మందు, చెప్పిందే ధర.

ఇగ కిక్కు లెక్కకొద్దాం. మన దేశంల అమ్ముడువోయే బీరుల ఎక్కువ భాగం స్ట్రాంగే. లైటుకు, స్ట్రాంగ్‌కు ధరల పెద్ద తేడా ఉండది, అందుకే అవే పైసలకు ఎక్కువ ఎక్కేది కావాలంటరు. 650 మిల్లీల సీసల 5 శాతం ఉంటే అసలు ఆల్కహాల్ 32 మిల్లీలు దాటుతది. 8 శాతం ఉంటే 52 మిల్లీలు. 42.8 శాతం ఉండే విస్కీ 60 మిల్లీల పెగ్గుల సుమారు 26 మిల్లీలు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు పెద్ద పెగ్గులతోని సమానం. రెండు సీసలు కొడితే క్వార్టర్ విస్కీ కంటే ఎక్కువ తాగినట్టే. ‘బీరే కదా, ఏమైతది’ అని బండెక్కే తమ్ముడు ఈ లెక్క యాదికుంచుకోవాలె.

రుచి ఎంచుడు మనకు కొత్తదేం కాదు. మా తాతల కాలంల రేకల పట్టి కల్లు తాగేటప్పుడు ఒక్క గుటకకే చెప్పేటోళ్లు, ఇది తాటిదా ఈతదా, పొద్దుగాల దించిందా, మాపటిదా, నీళ్లు కలిసినయా అని. గౌడన్నకు గూడ ఆ భయం ఉండేది. రుచి పోయి మత్తే ముఖ్యమైనకాడ మత్తుగోళీల పొడి వచ్చి చేరింది. 2025 జులైల కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు పాణాలు తీసింది. ఎంత ఎక్కుతది అని ఒక్కటే అడిగే కాడ కల్తీ చేసేటోనికి పని అల్కగైతది.

అందుకే సర్కార్‌ను ఈ నాలుగు అడుగుదాం. డిపోలల్ల, షాపులల్ల బీరును నీడకు, చల్లగ ఉంచాలె. తయారైన తేదీ కండ్లకు కనవడేటట్టు పెద్దగ అచ్చెయ్యాలె. ల్యాబ్ పరీక్షల ఫలితాలు జనం ముంగట పెట్టాలె. పన్ను ఆల్కహాల్ శాతాన్ని బట్టి ఏసి, లైట్ బీరును నిజంగనే అగ్గువ చెయ్యాలె.

మన చేతుల ఉన్నయి కూడ ఉన్నయ్. తేదీ చూడుండ్రి, శాతం చూడుండ్రి, బిల్లు అడుగుండ్రి. ఎండల పెట్టిన సీస ఇస్తే వాపస్ ఇయ్యుండ్రి. గ్లాసుల పోసినంక వాసన తేడా కొడితే పైసలు పోయినయని మింగకుండ్రి, పారవొయ్యుండ్రి. ప్లజెన్‌ల 36 పీపాలు పారవోసినోళ్లకు నాలుగేండ్లల్ల మంచి బీరు వచ్చింది. మనం ఒక్క సీస కూడ పారవోయకుంటే, మనకు మంచిది పంపాల్సిన అవసరం ఎవరికున్నది?