పురిటికి వచ్చిన పక్షులు

గడచిన ఆదివారము తెల్లవారుచుండగా విజయనగరమున పెద్దచెరువు గట్టున మేము పదునొకండుగురు స్త్రీలము, నలుగురు పిల్లలము చేరితిమి. నెల కొక యుదయము పక్షులను జూచి, పిదప నీడను గూర్చుండి యొక విషయమును ముచ్చటించుకొనుట మాకు వాడుక. ఇంటిపని మాని పిట్టలను లెక్కించుట యేమని మొన్నటిదాక నవ్విన యొక అత్తగారు ఈ మారు కోడలి వెంట వచ్చి, నీటికాకిని మా యందరికంటె ముందుగా గుర్తించిరి. ఇట్టి కూటములు క్రొత్తవి కావు. 1980లోనే హైదరాబాదున పక్షులను పరిశీలించువారి సంఘ మేర్పడినది. అది నేడు డెక్కన్ బర్డర్స్ అను పేర నడచుచున్నది.

ఈ నెల ప్రసంగము తేలినీలాపురమును గూర్చి. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి, నౌపడకు చేరువనున్న యీ గ్రామమునకు ఏటేట సెప్టెంబరు మొదలుకొని గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును వచ్చి, చింత మున్నగు చెట్లపై గూళ్ళు కట్టి, వేసవి తొలినాళ్ళకు మరలిపోవును. గూడబాతు మూడు నాలుగు గ్రుడ్లు పెట్టి సుమారు 30 దినములు పొదుగును. పిల్లలు తల్లి ముక్కు క్రింది సంచిలో తల దూర్చి చేపలను తినును. అవి మూడు మొదలు ఐదు నెలలవరకు గూటిని, దాని పరిసరములను విడువవు. ఇచ్ఛాపురము చేరువనున్న తేలుకుంచిలో గూళ్ళు కట్టునది నత్తలను తిను కొంగ. దాని ముక్కు రెండు భాగముల నడుమ సందు కనబడును. ఆ సందు పుట్టుకతో రాదు. పిల్ల పెరిగినకొలది యేర్పడును.

ఈ పక్షులు సైబీరియా నుండి వచ్చునని మనవా రనుకొనుట కలదు. అది పొరపాటు. చలికి జడిసి ఉత్తరదేశములనుండి వచ్చు సూదితోక బాతు వంటివి మన చెరువులలో శీతకాలము గడపి పోవునే గాని యిచ్చట గ్రుడ్లు పెట్టవు. ఇచ్చట గూడు కట్టునవి మన దేశపు పక్షులే. నీరు, చేప దొరకుచోట్ల తిరిగి, పిల్లలను కనుటకు ఈ యూళ్ళకు వచ్చుచున్నవి.

ప్రసంగము ముగియగానే, టెక్కలి ప్రాంతమున పుట్టినిల్లు గల యొక సోదరి లేచి యిట్లనెను: “మీరు ఒక పూట చూచి సంతోషించి పోవుదురు. మా పెరటి చింతచెట్టు మీద అవి ఆరునెలలు కాపురముండును. వాకిట వేసిన ముగ్గు నిలువదు. ఆరవేసిన చీర మరల నుతుకవలసినదే. కుళ్ళిన చేపల కంపుతో అన్నము సహింపదు. చింతపండు దులుపుకొను వేళకు చెట్టునిండ పిల్లలుండును. చెట్టు కొట్టింతునని మా అన్నయ్య; వలదని మా అమ్మ. ఆడపిల్ల పురిటికి వచ్చిన ఇల్లు మైలపడునని తలుపు మూయుదుమా అని ఆమె మాట. ఇద్దరిలో నేనెవరి పక్షము పలుకుదును?”

కొంతసే పెవ్వరును మాటాడలేదు. ఆ తల్లి మాట మా మనస్సులను తాకినది; అన్నగారి కష్టమును కల్ల కాదు. పక్షులు వచ్చిన వానలు కురియును, పంటలు పండును అను నమ్మకము ఊరందరిది. ఆ కంపు భరించుట మాత్రము చెట్టుగల యింటిది.

అయినను చెట్టు పోయిన పక్షి యేమగును? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి, ఉద్దానమున లెక్కలేని చెట్లను కూల్చినది. ముదిచెట్టు ఒక్కయేట తిరిగి రాదు. 1946లో కె.కె. నీలకంఠన్ గారు పశ్చిమగోదావరి జిల్లా ఆరేడున గూడబాతుల పెద్ద స్థావరమును కనుగొనిరి; తరువాతి కాలమున ఆ పక్షులు దానిని విడిచిపోయినవి. తేలినీలాపురముననే 2021 డిసెంబరు, 2022 జనవరి నెలలలో వందకు పైగా గూడబాతులు మరణించినవి. పరీక్షించినవారు వాని కడుపులలో నులిపురుగులను కనుగొనిరి. ప్రపంచమున ఆపదకు చేరువైన జాతులలో ఈ పక్షి యొకటి. అట్టి దానికి పురిటిల్లు కూడ లేకుండ చేయుట తగునా?

మా కూటము తుద కిట్లు తలచినది. చెట్టు నిలువవలెను, దాని భారము ఒక్క గృహిణిపై నిలువరాదు. పండు నష్టమునకు ప్రభుత్వము పరిహార మిచ్చుట న్యాయము. ముంగిలి శుభ్రపరచుటలో ఇరుగుపొరుగువారు పాలు పంచుకొనవలెను. చూడవచ్చు మనవంటివారు వట్టిచేతులతో గాక, చెట్టుగల యింటివారికి ఏదేని ఆదాయము కలుగునట్లు, వారి యింటనే భోజనము కొని తినవచ్చును. మన సిరిమానోత్సవమున చింతమానునకు పసుపు కుంకుమ లిచ్చి మ్రొక్కుచున్నాము గదా! నిలిచియున్న చింతకును కొంత మర్యాద చెల్లింతము.

సోదరీమణులు గూళ్ళను జూడబోయినపుడు కేకలు, టపాకాయలు వలదు. బెదరిన తల్లి లేచిపోయిన పిల్ల యెండకు మాడును, కాకికి చిక్కును. క్రిందపడిన పిల్లను ఇంటికి తేక అటవీశాఖవారికి తెలుపవలెను. దూరము పోలేనివారు ఫిబ్రవరి నడుమ నాలుగు దినములు జరుగు పెరటి పక్షుల లెక్కలో పాల్గొనవచ్చును; ఒక కాగితము, 15 నిమిషముల తీరిక చాలును.

ఆ సోదరి వెళ్ళుచు, “ఈ మాటలు అన్నయ్యకు వ్రాయుదును, ఈ యేటికి చెట్టు నుంచుమని అడిగెదను,” అనెను. ఒక్క యేడు! ఒక గంపెడు పిల్లలు రెక్కలు విప్పుటకు అది చాలును. వచ్చు యేటి మాట ఊరివారును, ప్రభుత్వమువారును చెప్పవలసియున్నది.