మా యింటి ముచ్చటలు: అంగుళమునకు ఆఱడుగులు

పోయిన మాసమున ఉసిరిక తొక్కును గూర్చి వ్రాసి, ఈ మాసమున ఇంటి శుభ్రతను గూర్చి వ్రాయుదుమని మాట యిచ్చితిమి. సోదరీమణులు క్షమింపవలెను. శుభ్రతను గూర్చి యొకరికి చెప్పు నర్హత ఈ మాసమున మాకు లేదు. దుమ్ము తుడువబోయి మేమొక యుద్ధవిమానమును కూల్చితిమి.

మా యిల్లు అజీజ్‌నగరులో చేవెళ్లకు పోవు బాటకు చేరువ. ఒకవైపు ఉస్మాన్‌సాగరు, వేఱొకవైపు హిమాయత్‌సాగరు ఉన్నను, మా యింటికి వచ్చునది నీటిగాలి కాదు, బండ్లు లేపు దుమ్ము. ఉదయము తుడిచిన బల్లపై సాయంకాలమునకు వ్రేలితో ఓనమాలు దిద్దవచ్చును. అందుచేత తడిగుడ్డ మా చేతికి ఆభరణమైనది. ఆ గుడ్డయే మా కొంప తీసినది.

మా పెద్దవాడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. వేసవిలో వాని మేనమామ యొక పెట్టె పంపెను. అందులో బూడిదరంగు ప్లాస్టిక్కు చట్రములు, మడత కాగిత మొకటి, గుర్తులు ముద్రించిన పత్ర మొకటి యుండెను. కాయలో గింజలవలె చట్రముల నంటి విమానపు అవయవము లున్నవి. కొన్ని వ్రేలంత, కొన్ని ఆవగింజంత. పెట్టెమీది బొమ్మను చూచి మేము మొగము ముడిచితిమి. పదునైదు దినముల పాలఖర్చు పెట్టి కొన్నది తుపాకుల విమానమా? ఎనిమిది తుపాకులట! నిర్మలవారి పొనికికఱ్ఱ నెమలిని పంపరాదా యని తమ్ముని ఫోనులో మందలించితిమి. "అక్కా, అది బొమ్మ కాదు, నమూనా" యని వాడు నవ్వెను.

బొమ్మకును నమూనాకును భేదమేమో మాకప్పుడు తెలియలేదు. నిర్మలవారి చిలుకకు ముక్కు కొంచెము పొడవైనను అది చిలుకయే. ఎవరును కొలబద్ద పట్టుకొని రారు. ఏకలవ్యుని మట్టి ద్రోణునకు గడ్డము సరిగా నుండెనా యని ఎవరడిగిరి? విద్య వచ్చెను, చాలును. కాని ధృతరాష్ట్రుని కౌగిలికి శ్రీకృష్ణుడు ముందునకు త్రోసిన ఇనుప భీముడు అట్టివాడు కాడు. అందు ఒక్క కొలత తప్పినను ఆ వృద్ధుని చేతులకు తెలిసిపోయెడిది. అసలు భీముని ప్రాణము పోయెడిది. మా వాని విమానము ఆ రెండవజాతికి చెందినది.

మా వారు లెక్కల ఉపాధ్యాయులు గావున సంగతి విప్పి చెప్పిరి. అసలు విమానమును డెబ్బదిరెండు పాళ్లు చేసి, అందొక పాలు తీసికొందురు. డెబ్బదిరెండు అంగుళములనగా ఆఱడుగులు. కనుక నమూనాలో అంగుళము అసలులో ఆఱడుగులు; ఆఱడుగుల మనిషి ఇందులో అంగుళమెత్తు. స్పిట్‌ఫైరు విమానపు రెక్కలు ఈ చివరనుండి ఆ చివరకు 36 అడుగుల 10 అంగుళములు. మా బల్లపై అవి ఆఱంగుళములకు పిసరంత ఎక్కువ. పొడవు 29 అడుగుల 11 అంగుళములు; ఇందు అయిదంగుళములకు వెండ్రుకవాసి తక్కువ. భిన్నములనిన పాఱిపోవు మా వాడు ఇదంతయు నోటిలెక్కగా చెప్పుచుండుట చూచి మా వారు లోలోపల మురిసి, మా అభ్యంతరమును పక్కకు పెట్టిరి.

ఈ నిష్పత్తి ఆటకు పుట్టి యుద్ధమునకు పోయినది. ఇంగ్లండులో ఫ్రాగ్ అను సంస్థవారు 1936లో ఇదే కొలతకు ప్లాస్టిక్కు విమానముల భాగములను పెట్టెలలో పెట్టి అమ్మిరి. మూడేండ్లకు యుద్ధము వచ్చెను. 1939 సెప్టెంబరు 6వ తేదీన, యుద్ధము ప్రకటించిన మూడవనాడే, బ్రిటిషు స్పిట్‌ఫైరులు తమవారి హరికేనులనే శత్రువులని భ్రమించి రెండింటిని కూల్చినవి. ఒక యువకుడు తనవారి గుండ్లకే బలియయ్యెను. ఆకాశములో ఎదురుపడిన దానిని రెప్పపాటులో, నీడను బట్టియే, మనదా పరులదా యని గుర్తుపట్టవలెను. అందులకు చిత్రములు చాలవు. త్రిప్పి చూచుటకు చేతిలో నమూనా కావలెను. 1942లో అమెరికా ప్రభుత్వము బడిపిల్లలను అయిదు లక్షల కఱ్ఱ నమూనాలు చెక్కి యిమ్మని కోరినది. అవియు అంగుళమునకు ఆఱడుగులవే. ఈ మాట వినిన పిదప "ఆ మాత్రము తేడాకేమి" యను మాట మా నోట తగ్గినది.

ఇక చేయు విధము. ఇందు సగము మన వంటయింటి పనియే. భాగములను చట్రమునుండి చేతితో విఱువరాదు. చిన్న కత్తెరతో కొంచెము విడిచి కత్తిరించి, మిగిలిన మొటిమను గరుకు కాగితముతో అరగదీయవలెను. అంటించుటకు వాడు ద్రవము మన జిగురు వంటిది కాదు. అది ప్లాస్టిక్కును కరిగించును. కరిగిన అంచులు రెండును కలిసి ఒక్కటి యగును. ఎక్కువైనచో విమానము రెక్కయే పాకము పట్టిన బెల్లమైపోవును. దాని ఘాటు తలకెక్కును గనుక కిటికీలు తెఱచిగాని మూత తీయరాదని మేము శాసించితిమి. లోపల కూర్చుండు చోటునకు ముందే రంగు వేయవలెను. పొట్ట మూసిన తరువాత కుంచె పోదు. కజ్జికాయలో పూర్ణము మఱచి అంచు మడిచిన కోడలి కథ చెప్పి వానిని హెచ్చరించితిమి. అప్పటికే వాడు పైలటును మఱచి మూసియుండెను. కత్తితో మరల విప్పవలసి వచ్చినది.

రంగు ఒకేసారి దట్టముగా పూయరాదు. అట్లు పూసిన సన్నని గీతలన్నియు పూడిపోవును. నీరుమజ్జిగవలె పలుచన చేసి, ఆఱిన కొలది రెండుమూడు పూతలు వేయవలెను. వీపున మట్టిరంగును ముదురాకుపచ్చయు. నేలపై నున్నప్పుడు పైనుండి చూచువారికి పొలములో కలిసిపోవుటకు. కడుపు రంగు దగ్గర మూడు దినములు ఆగినాడు. 1940 జూనుకు ముందు ఒక రెక్క అడుగున నలుపు, రెండవదాని అడుగున తెలుపు ఉండెడిది; పిమ్మట లేతపచ్చ కలిసిన ఆకాశవర్ణము వచ్చినది. "నీ విమానము ఏ మాసమున ఎగిరినదో ముందు తేల్చుకొనుము" అని మా వారనిరి. వాడు ఆగస్టు అని తేల్చి ఆకాశవర్ణము వేసెను. పంచాంగము చూచి రంగు వేయువారిని మేమిదే చూచుట!

పెట్టెలోని గుర్తులను వాడు వాడలేదు. దసరాకు తాతగారిచ్చిన రూపాయలు దాచుకొని, 152వ విమానదళపు 'యు' 'ఎం' అను అక్షరముల పత్రమును వేఱుగా తెప్పించుకొనెను. ఆ దళమే యేల యని అడిగితిమి. "అమ్మా, అది మన హైదరాబాదు దళము" అనెను.

సోదరీమణులలో ఎందఱికి ఈ సంగతి తెలియునో కాని, మాకు తెలియదు. 1918లో ఏడవ నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాను బ్రిటిషువారి 110వ దళమునకు విమానములను కానుకగా నిచ్చెను. అవి డి.హెచ్.9ఏ అను రెండు జతల రెక్కల విమానములు. ఒక్కొక్కదానిపై నైజాము కానుకయని వ్రాయించిరి; దళమునకు హైదరాబాదు పేరు వచ్చినది. రెండవ యుద్ధములో 152, 253 దళములకును ఆ పేరే పెట్టిరి. మొదటిది స్పిట్‌ఫైరులతోను, రెండవది హరికేనులతోను 1940లో ఇంగ్లండును కాచినవి. 152వ దళపు చిహ్నములో నైజాము తలపాగా యున్నది. దాని క్రింది మాటకు నమ్మకమైన మిత్రుడని యర్థము. 1918లో బ్రిటిషువారు నైజామునకిచ్చిన బిరుదే అది. ఆ మొదటి విమానములలో నొకటి జర్మనుల చేత చిక్కి, పిమ్మట పోలండు చేరి, 1977లో ఒక స్పిట్‌ఫైరునకు మారుగా ఇంగ్లండు పోయి, నేడు లండనులోని విమానదళ ప్రదర్శనశాలలో నున్నది. పాతగిన్నె లిచ్చి క్రొత్తగిన్నె కొనుటను ఎఱుగుదుము. క్రొత్త విమానమిచ్చి పాతది కొనిన బేరము మాకు నచ్చినది.

వాడు వినిపించుచుండగా మాకొక సందేహము కలిగినది. కానుక నైజాముదే, కాసులెవరివి? దివానీ సొమ్మనుడు, సర్ఫెఖాసు సొమ్మనుడు, రెండింటికిని మూలము రైతు కట్టిన శిస్తే గదా. 1908 మూసీ వరద పిదప కట్టనారంభించి 1920లో ముగించిన ఉస్మాన్‌సాగరునకును ఆ రైతు చెమటయే ఆధారము. నీటికైన సొమ్మును మేము తప్పుపట్టము. కాని 1918 ఇన్‌ఫ్లుయెంజాతో దేశమంతట ఇండ్లు ఖాళీయైన సంవత్సరము. ఆ యేడు విమానముల మీద వ్రాసిన పేరు ఒక్కరిదే. "కొలతలన్నియు సరియే, నాయనా, ఆ వ్రాత మాత్రము డెబ్బదిరెండవ పాలు" అంటిమి. వాడు బదులు చెప్పక వ్రాసికొనెను. ఏమి వ్రాసెనో చూపలేదు.

మా పెద్దత్తగారు, అనగా మా వారి నాయనమ్మగారు, తొంబదియేండ్లవారు. విమానమును అరచేత పెట్టించుకొని చాలసేపు తడిమి చూచిరి. 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదులోనికి వచ్చిన దినములలో, చేలో నుండగా పైన మ్రోత వినబడి, తల్లి తమను జొన్నచేనిలోనికి ఈడ్చి పండవేసెనని చెప్పిరి. ఆ రోజులలో మన ప్రభుత్వము పంపినవి టెంపెస్టులని మా వాడు వెంటనే అందుకొనెను. హరికేనును చేసిన హాకరు సంస్థవారే వానిని చేసిరట. పెద్దత్తగారికి పేర్లు పట్టలేదు. గాజుకప్పు క్రింద కూర్చున్న అంగుళపు పైలటు మీదనే వారి చూపు నిలిచినది. "గింత పిల్లగాడా? మల్ల ఇంటికొచ్చిండా?" అనిరి. మా వాడు నోరు తెఱచి మూసెను. అక్షరములు తెలియును, రంగు తెలియును, మాసము తెలియును. ఆ పిల్లవాని పేరు మాత్రము వాడు వెదకియుండలేదు.

ఇక మా నేరము. ఆ శుక్రవారము ఉదయము అఱ తుడుచుచుండగా విమానము కంటబడెను. ముక్కునకు ఇరుప్రక్కల, పొగగొట్టముల వెనుక, మసిమసిగా చారలు. రెక్కల మీద తుపాకుల వెనుకను అట్లే. అయ్యో, పిల్లవాడింత కష్టపడి చేసిన దానికి దుమ్ము పట్టినదే యనుకొంటిమి. కుంకుడురసములో గుడ్డ ముంచి, ముత్తైదువకు పసుపు పూసినంత శ్రద్ధగా తుడిచితిమి. మసి పోయినది. మసితో పాటు 'ఎం' అక్షరము సగము గుడ్డనంటి వచ్చినది. వీపు మీది సన్నని తంతికంబము విఱిగి ఎటు పోయెనో కనబడలేదు.

ఆ మసి దుమ్ము కాదట. వారము దినములు సుద్దరంగులను పొడిచేసి, మెత్తని కుంచెతో, ఆనాటి ఛాయాచిత్రములను చూచుచు వాడు పెట్టిన పొగచారలట. ఆదివారమునాడు పైన మెఱుగులేని పూత పూసి స్థిరపఱుపవలెనని యుంచినాడట. వాడు అఱవలేదు, ఏడువలేదు. విమానమును పెట్టెలో పెట్టి మూతవేసి బడికి పోయెను. మూడుదినములు మాతో అన్నము పెట్టుమను మాట తప్ప వేఱుమాట లేదు. బొబ్బట్లు చేసితిమి, తినెను, మాటాడలేదు. మా వారు "నీవు క్షమాపణ చెప్పితివా?" యని అడిగిరి. కన్నకొడుకునకు తల్లి క్షమాపణ చెప్పుట మా పుట్టినింట ఎఱుగము. నాల్గవనాటి రాత్రి చెప్పితిమి. చెప్పినంత సేపు మా కన్నులు ఆ పెట్టెమీదనే యుండెను, వాని మొగము చూడలేదు.

మఱునాడు వాడే పెట్టె తెచ్చి మా ముందు పెట్టెను. సుద్దరంగులు అయిపోయినవనెను. మేము ఆముదపు దీపముపై ఇత్తడిపళ్లెము బోర్లించి, కాటుకకు పట్టినట్లు మసి పట్టితిమి. "ఇంత నలుపు కాదు, పొగ గోధుమ బూడిదరంగు" అని వాడు తల యూపెను. పిడకబూడిద జల్లించి కలిపితిమి; చిటికెడు ఎఱ్ఱమన్ను కూడ. మూడవసారికి వాడు చాలుననెను. జిడ్డుపోవుటకు ఆ మసిని రాత్రంతయు కాగితముల నడుమ నుంచవలసివచ్చినది. లేనిచో పైపూత నిలువదట. తంతికంబమునకు చీపురుపుల్లను సన్నగా చెక్కి నిలిపెను. అక్షరముల పత్రము మాత్రము మఱొకటి లేదు. ముగ్గు వేయు చేయి గదా యని ధైర్యము తెచ్చుకొని, వాని సన్నకుంచెతో ఆ 'ఎం' మేమే దిద్దితిమి. ఊపిరి బిగబట్టి దిద్దితిమి. వాడు కొలబద్ద పెట్టి చూచి, "అర మిల్లీమీటరు లావైనది. అసలు విమానముపై ముప్పదియాఱు మిల్లీమీటర్లు" అనెను. తుడిచి మరల వేయుదునా యని అడిగితిమి. వద్దనెను.

విమానమిప్పుడు మరల అఱలో నున్నది. మేము దిద్దిన ప్రక్కను గోడవైపునకు త్రిప్పి పెట్టినాడు. ఆ అఱను విడిచి తక్కినవన్నియు మేము యథాప్రకారము తుడుచుచున్నాము.