డెస్క్‌టాప్ మార్పు: వ్రేళ్లెరిగిన విద్య

గత సంచికలోని వ్యాసమున, నూతన డెస్క్‌టాప్ పరిసరములను నిరసించువారెల్లరు మార్పునకు జడియువారని రచయిత నిర్ణయించిరి. ఈ తీర్పుతో నేను ఏకీభవింపజాలను.

2011 ఏప్రిల్‌లో వెలువడిన గ్నోమ్ 3 అను డెస్క్‌టాప్ పరిసరము, వాడుకరులు నిత్యము చేయి చాచు క్రింది పట్టీని, కిటికీని కుదించు మీటను, తెరపై చిత్రికలుంచుకొను సౌకర్యమును ఒక్కమారుగా కనుమరుగు చేసినప్పుడు, లైనక్స్ కర్నెల్ సృష్టికర్తయైన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు విసిగి ఎక్స్‌ఎఫ్‌సీఈ అను మరియొక పరిసరమును ఆశ్రయించెను; ఆయనను మార్పునకు భీరువని ఎవరనగలరు? ఆ యేడే గ్నోమ్ 2 మూలసంకేతమునుండి మాటే అను శాఖ మొలకెత్తి నేటికిని జీవించియున్నది. అక్కరలేనిదానిని అన్నియేండ్లు ఎవరు పోషింతురు?

నా సంగతియు విన్నవించెదను. ఇటీవలి నవీకరణానంతరము నా యంత్రమున తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికకు మారు మీటల కలయిక పనిచేయకపోగా, దానిని వెదకుటకే ఒక పూట గడచినది. ఏండ్ల తరబడి అభ్యసించి, మనస్సు తలపకమున్నే వ్రేళ్లు నెరవేర్చు ఆ విద్యను, ముందుగా ఒక మాటయైన చెప్పక హరించుట అన్యాయము. క్రొత్త రూపము రానిండు. పాత అమరికను ఎంచుకొను వీలును మాత్రము మాకు మిగుల్చుడు.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి